ఒక్క క్వెరీని ఆపితే అందరి కనెక్షన్లూ ఎందుకు తెగాయి?

ప్రశ్న: మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో ఒక రిపోర్ట్ క్వెరీ ఎంతకీ ముగియలేదు. టెర్మినల్‌లో దాని ప్రాసెస్ నంబర్ చూసి 'కిల్ -9' కొట్టాను. అది ఆగింది కానీ, మిగతావాళ్ల కనెక్షన్లన్నీ తెగిపోయాయి. ఎందుకిలా? డేటా ఏమైనా పోయి ఉంటుందా? అసలు ఎలా ఆపాలి?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. కమిట్ అయిన, అంటే ఖాయంగా సేవ్ అయిన డేటా ఎక్కడికీ పోదు. ఆ క్షణానికి కమిట్ కాకుండా నడుస్తున్న పనులు మాత్రం అందరివీ పోయాయి, వాళ్లు మళ్లీ చేసుకోవాల్సిందే.

పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్ ఉంటుంది. అవన్నీ ఒకే షేర్డ్ మెమరీని వాడతాయి. -9 సిగ్నల్ అందుకున్న ప్రాసెస్‌కు సర్దుకునే వ్యవధి ఉండదు. మెమరీలో ఏదో రాస్తూ సగంలోనే చచ్చిపోయి ఉండవచ్చు. అందుకే వీటన్నిటికీ తల్లి ప్రాసెస్ అయిన పోస్ట్‌మాస్టర్ ఇక ఆ మెమరీని నమ్మదు. మిగతా ప్రాసెస్‌లన్నిటినీ ఆపేసి, మెమరీని కొత్తగా సిద్ధం చేసి, చివరి చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డిస్క్‌కు చేర్చిన ఘట్టం) నుంచి వాల్ లాగ్‌ను (మార్పులను ముందుగా రాసుకునే చిట్టాను) మళ్లీ నడిపిస్తుంది. మీ ఆఫీసులో జరిగింది ఇదే. డేటాను కాపాడటానికి అది చేయాల్సిన పనే చేసింది.

ఈసారి మొదట పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో 'పీజీ_స్టాట్_యాక్టివిటీ' చూడండి. ప్రాసెస్ నంబర్, అది ఏ స్థితిలో ఉంది, ట్రాన్సాక్షన్ ఎప్పుడు మొదలైంది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఆ నంబర్‌తో 'పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్' పిలిస్తే క్వెరీ మాత్రమే ఆగుతుంది, కనెక్షన్ నిలుస్తుంది. స్థితి 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని ఉంటే రద్దు చేయడానికి నడుస్తున్న క్వెరీయే లేదు కాబట్టి అది పనిచేయదు. అప్పుడు కనెక్షన్‌నే తెంచే 'పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్' వాడాలి. కొట్టిన వెంటనే పోకపోతే కాస్త ఆగండి, తొందరపడి -9 జోలికి వెళ్లకండి.

కనెక్షన్లు నిండిపోయి పీఎస్‌క్యూఎల్ కూడా తెరుచుకోకపోతే, షెల్ నుంచి 'పీజీ_సీటీఎల్ కిల్ టర్మ్' అని ప్రాసెస్ నంబర్ ఇవ్వండి. ఇక్కడ ఒక్క విషయం చాలా జాగ్రత్త. ఆ నంబర్ పోస్ట్‌మాస్టర్‌ది కాకూడదు. అదే టర్మ్ సిగ్నల్ దానికి వెళితే సర్వర్ మొత్తం మూతపడటం మొదలవుతుంది. డేటా డైరెక్టరీలో 'పోస్ట్‌మాస్టర్.పిడ్' ఫైల్ మొదటి వరుసలో దాని నంబర్ ఉంటుంది, పోల్చి చూసుకున్నాకే ఎంటర్ నొక్కండి.

క్లస్టర్ మొత్తాన్ని, అంటే ఆ సర్వర్ కింద ఉన్న డేటాబేస్‌లన్నిటినీ ఆపాలంటే 'పీజీ_సీటీఎల్ స్టాప్' చాలు. 9.5 వెర్షన్ నుంచి దాని డిఫాల్ట్ 'ఫాస్ట్': నడుస్తున్న ట్రాన్సాక్షన్లను రోల్‌బ్యాక్ (రద్దు) చేసి, చెక్‌పాయింట్ రాసి ఆగుతుంది. 'స్మార్ట్' పెడితే క్లయింట్లందరూ వాళ్లంతట వాళ్లు వెళ్లేదాకా ఎదురుచూస్తుంది. మధ్యలో కనెక్షన్ పూలర్ (కనెక్షన్లను తెరిచే ఉంచి పంచే ప్రోగ్రామ్) ఉంటే ఆ ఎదురుచూపు తెమలదు. 'ఇమ్మీడియట్' పెడితే తర్వాత స్టార్ట్ చేసినప్పుడు క్రాష్ రికవరీ (పైన చెప్పినట్టు వాల్ లాగ్‌ను మళ్లీ నడపడం) తప్పదు. ఏ పద్ధతిలోనైనా మామూలుగా 60 సెకన్లలో ఆగకపోతే కమాండ్ ఫెయిలైనట్టు చెబుతుంది కానీ, వెనకాల ఆగే పని సాగుతూనే ఉంటుంది. అందుకని నేను ముందే ఒకసారి 'చెక్‌పాయింట్' కమాండ్ నడిపి, తర్వాత స్టాప్ ఇస్తాను, త్వరగా అయిపోతుంది. మీ క్లస్టర్ పాట్రోనీ (పోస్ట్‌గ్రెస్ ఆగిపోకుండా చూసుకునే టూల్) చేతిలో ఉంటే మీరు ఆపినా అది మళ్లీ లేపుతుంది. ముందు 'పాట్రోనీసీటీఎల్ పాజ్' ఇవ్వండి.

రిపోర్టులు నడిపే యూజర్‌కు 'ఆల్టర్ రోల్'తో 'స్టేట్‌మెంట్_టైమౌట్' ఈరోజే పెట్టేయండి. హద్దు దాటిన క్వెరీని సర్వరే రద్దు చేస్తుంది.