అబ్బాయి బీరు సరంజామా, నాన్న ఇంటి పత్రాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. కాగితం మిల్లులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి, కోడలు అమెరికాలో ఒహాయోలో ఉంటారు. వాడి ఎం.ఎస్. చదువుకు నా ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో విద్యారుణం తీసుకున్నాం. ఇంకా 22 లక్షలు బాకీ ఉంది. వడ్డీ 10.5 శాతం, నెల వాయిదా 31,600. మరో తొమ్మిదేళ్లు కట్టాలి. ఈ మధ్య రెండు నెలలు వాడు డబ్బు పంపడం మరిచిపోతే, నా ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసి కట్టాను. ఇప్పుడు ఇంట్లోనే బీరు కాచుకునే కరెంటు యంత్రం 1,500 డాలర్లకు కొంటానంటున్నాడు. కొట్లో కొనేదానికంటే చవకట. సంక్రాంతికి ఆ యంత్రాన్ని ఇక్కడికి తెచ్చి మాకూ కాచి చూపిస్తాడట. వద్దని చెప్పమంటారా? వాడి సంపాదన వాడి ఇష్టం అని ఊరుకోమంటారా? వాళ్లమ్మకు ఈ సంగతి ఇంకా తెలియదు.

జవాబు: మీరు ఉత్తరమంతా బీరు గురించి రాసి, వాయిదా తప్పిన సంగతి మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. నా పెన్సిలు ఆ వాక్యం దగ్గరే ఆగింది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

ఆ రుణంలో మీరూ సహ రుణగ్రహీతే అయి ఉంటారు. వాయిదా తప్పితే మచ్చ ఇద్దరి క్రెడిట్ స్కోరు మీదా పడుతుంది. బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల్లో చేరుస్తుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి తాకట్టులో ఉన్న ఇంటి మీదికి రావచ్చు. మీరు అడ్డుపడి కట్టారు కాబట్టి వ్యవహారం అంతదాకా పోలేదు. కానీ ఆ 63,200 రూపాయలు మీ వృద్ధాప్యానికి దాచుకున్నవి. మొహమాటపడకుండా అవి తిరిగి పంపమని అడగండి. కొడుకును అడగడమేమిటని అనుకోకండి. అది వాడికి మీరిచ్చిన చేబదులు, అంతే.

మరిచిపోవడం అనేదానికి మందు కూడా ఉంది. మీ అబ్బాయికి ఇక్కడ ఎన్.ఆర్.ఈ. ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్లు ఇక్కడి బ్యాంకులో తెరిచేది) ఉంటే, ప్రతి నెలా వాయిదా దానంతట అదే రుణ ఖాతాకు వెళ్లేలా బ్యాంకుకు రాసివ్వమనండి. ఆ ఖాతాలో ఎప్పుడూ మూడు వాయిదాలకు సరిపడా, అంటే 95 వేల రూపాయలు తగ్గకుండా ఉంచమనండి. ఇక వాడి జ్ఞాపకశక్తితో మనకు పనిలేదు.

ఇప్పుడు యంత్రం. డాలరును 85 రూపాయలుగా లెక్కేసుకుంటే 1,500 డాలర్లంటే 1,27,500 రూపాయలు. వాయిదా మొత్తం మార్చకుండా ఈ సొమ్మును ఈ నెలే అసలులో జమ చేస్తే, రుణం చివర దాదాపు పది వాయిదాలు తగ్గిపోతాయి. పది వాయిదాలంటే మూడు లక్షల పైమాట. నేను రెండుసార్లు వేసి చూశాను, మీరూ బ్యాంకులో వేయించి చూడండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న రుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. విద్యారుణాలు సాధారణంగా మారే వడ్డీవే. జమ చేసేటప్పుడు మాత్రం ‘వాయిదా అంతే ఉంచి గడువు తగ్గించండి’ అని కాగితం మీద రాసివ్వండి. లేకపోతే కొన్నిచోట్ల గడువు అంతే ఉంచి వాయిదా తగ్గిస్తారు. అప్పుడు మిగిలేది తక్కువ.

చవక పడుతుందన్న వాదన నాకు కొత్త కాదు. మా బావమరిది డాలస్‌లో ఇదే మాట చెప్పి మొదలుపెట్టాడు. లెక్క చూద్దాం. ఒక్కో వాయికి అయిదు గ్యాలన్లు, అంటే 19 లీటర్లు కాస్తారు. అడుగున మడ్డి పోగా 355 మిల్లీలీటర్ల సీసాలు 48 దాకా నిండుతాయి. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), చేదునిచ్చే హాప్స్ పువ్వు, పులియబెట్టే ఈస్టు కలిపి దినుసులకు ఇంచుమించు 45 డాలర్లు. అంటే సీసాకు డాలరు లోపే. కొట్లో కాస్త మంచి బీరు సీసా రెండు డాలర్లనుకుంటే, సీసాకు ఒక డాలరు మిగిలినట్టు. యంత్రం ఖరీదు 1,500 డాలర్లు ఆ మిగులుతోనే రావాలంటే దాదాపు 31 వాయిలు కాయాలి. నెలకొకటి చొప్పున రెండున్నరేళ్లు దాటుతుంది. ఆ రెండున్నరేళ్లూ ఇద్దరూ నెలకు 48 సీసాలు ఖాళీ చేస్తూ ఉండాలి. చవక కోసం అంత తాగితే ఆసుపత్రి బిల్లు కూడా ఈ లెక్కలోనే రాసుకోవాలి.

అయినా వద్దని మాత్రం చెప్పకండి. వాడి సరదాకు అడ్డం పడితే ఫోను చేయడం తగ్గిస్తాడు, వాయిదా సంగతి ఇంకా కష్టమవుతుంది. ‘కొనుక్కో, కానీ పెద్దది కాదు, చిన్నది’ అనండి. ఒహాయోలో ఇది తప్పు పని కూడా కాదు. 1933లో అమెరికా మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో బీరు కాచుకోవడానికి మాత్రం అనుమతి రాలేదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో దారి తెరుచుకుంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మడం మాత్రం కుదరదు. కాబట్టి నాలుగు సీసాలు అమ్మి డబ్బు రాబడతానని వాడంటే నమ్మకండి.

మొదటిసారికి కావలసినవి నిజానికి చాలా తక్కువ. మూత ఉన్న 25 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, మూతకు బిగించే ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును నీళ్లగుండా బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వనిది), రసం చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు, ఒక పాత్రలోంచి మరోదాంట్లోకి లాగే సైఫన్ గొట్టం, కుళాయి ఉన్న మరో బకెట్టు, సీసాలకు రేకు మూతలు బిగించే చేతి పరికరం. ఇవన్నీ కలిపి కట్టిన మొదటి సెట్టు అక్కడ సుమారు 100 నుంచి 200 డాలర్ల మధ్య దొరుకుతుంది. గిన్నె సాధారణంగా ఇందులో ఉండదు. 20 లీటర్ల స్టీలు గిన్నె విడిగా కొనాలి. అన్నీ కలిపి 200 డాలర్లయ్యాయనుకుంటే, ఇందాకటి లెక్క ప్రకారం అయిదో వాయికే ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. బార్లీని నానబెట్టి తీపి రసం తీసే పెద్ద పని ఇప్పుడే వద్దు. డబ్బాలో వచ్చే మాల్ట్ పాకాన్ని నీళ్లలో కలిపి హాప్స్ వేసి గంటసేపు మరిగిస్తే సరిపోతుంది. పొయ్యి దగ్గరే నిలబడమనండి. పాలు పొంగినట్టు పొంగి పొయ్యంతా జిగురవుతుంది. చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట కూడా అమ్ముతారు. మొదట్లో సింకులో ఐసునీళ్లు పోసి గిన్నె అందులో పెడితే చాలు.

డబ్బు ఆదా చేయకూడని చోట్లు రెండున్నాయి. మొదటిది శుభ్రం. ఆవకాయ జాడీని మీ ఇంట్లో ఎలా కడిగి ఎండలో ఆరబెడతారో వాడు చిన్నప్పుడు చూసే ఉంటాడు. ఒక్క తడి చెయ్యి తగిలితే జాడీ అంతా బూజు. ఇక్కడా అంతే. మరిగి చల్లారిన రసానికి తగిలే గొట్టం, మూత, గరిటె అన్నీ కడిగి, క్రిమిసంహారక ద్రవంలో ముంచి తీయాలి. ఆ సీసా ఖరీదు కొద్ది డాలర్లే, అది మాత్రం మంచిది కొనమనండి. ప్లాస్టిక్ బకెట్టును గరుకు పీచుతో తోమకూడదు. గీతల్లో క్రిములు దాక్కుంటాయి. ఈ సరదా మానేసినవాళ్లు అక్కడ సామాను సగం ధరకు అమ్మేస్తుంటారు. వాళ్ల దగ్గర గిన్నె, మూతలు బిగించే పరికరం తీసుకోవచ్చు, బకెట్టు, గొట్టాలు మాత్రం కొత్తవే కొనాలి.

రెండోది హైడ్రోమీటరు. మన పాలకేంద్రంలో లాక్టోమీటరు ముంచి చూస్తారే, దానికిది దాయాది. మామూలు నీళ్లలో ముంచితే అది 1.000 చూపిస్తుంది. ఈస్టు వేయకముందు 1.048 చూపించిన రసం, పులియడం పూర్తయ్యాక 1.010కి దిగిందనుకోండి. తేడా 0.038ని 131.25తో హెచ్చవేస్తే అయిదు శాతం ఆల్కహాలు ఉన్నట్టు. నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది, ఎప్పుడు సీసాల్లోకి పోయవచ్చో చెప్పేదీ ఈ గాజుపుల్లే. రెండు మూడు రోజులు అదే అంకె కదలకుండా నిలిస్తేనే పోయాలి.

ఇది నేను డాలస్‌లో కళ్లారా చూసి తెలుసుకున్నది. మా బావమరిది వంటింటి మూలన బకెట్టు పెట్టాడు. మూత మీది ఎయిర్‌లాక్‌లో నీళ్లు బుడుక్, బుడుక్ అంటూ పగలూ రాత్రీ లెక్కపెడుతున్నట్టుండేవి. ఆరో రోజు చప్పుడు ఆగింది. అయిపోయిందనుకుని, హైడ్రోమీటరు కడిగే ఓపిక లేక, చక్కెర కలిపి సీసాల్లో పోసి, బట్టల అరలో చీకట్లో దాచాడు. లోపల పులియడం ఇంకా పూర్తి కాలేదు, గ్యాసు పేరుకుపోయింది. పదిరోజుల తర్వాత రాత్రి రెండింటికి తుపాకీ పేలినట్టు మూడు సీసాలు వరసగా పగిలాయి. ఆ అరలోనే మా మరదలి పట్టుచీరలున్నాయి. ఆ చీరల ఖరీదుతో పోలిస్తే హైడ్రోమీటరు ఏపాటిది?

వేడి సంగతి ఇడ్లీపిండి పులియబెట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏల్ రకం బీరుకు 18 నుంచి 20 డిగ్రీలు కావాలి. ఒహాయో ఇళ్లలో నేలమాళిగ ఉంటే ఏడాదిలో చాలా నెలలు ఆ చల్లదనం ఉచితంగానే దొరుకుతుంది. లాగర్ రకానికి పది డిగ్రీల దగ్గర ఉంచాలి, దానికోసం ప్రత్యేకంగా ఇంకో ఫ్రిజ్ కొంటానంటాడు. ఆ మాట వచ్చినప్పుడు మొదట ఏల్ అనండి. సీసాలు కొననక్కర్లేదు, తాగినవే దాచుకుంటే చాలు. ముదురు గోధుమరంగువి, మెలితిప్పే మూతవి కాకుండా రేకు మూతవి. గ్యాసు సిలిండరు, పీపా, కుళాయిల వ్యవహారం ఇప్పుడు వద్దే వద్దు.

ఆరు వాయిలు కాచాక యంత్రం మాట మళ్లీ ఎత్తమనండి. ఒక్కో వాయికి పొయ్యి మీద పెట్టడం నుంచి గ్లాసులోకి రావడం దాకా నెల పడుతుంది కాబట్టి ఆ లోపు ఆరు నెలలు గడుస్తాయి. ఆ ఆరు నెలల్లో ఒక్క వాయిదా కూడా తప్పకపోతే, మీ 63,200 మీకు చేరితే, అప్పుడు కొనుక్కోనివ్వండి. చాలామందికి మూడో వాయికే సీసాలు కడగడం మీద విసుగొస్తుంది. అప్పుడు పోయేది రెండు వందల డాలర్లే.

ఇక సంక్రాంతి. యంత్రాన్ని రాయగడకు తేనివ్వకండి. మద్యం మీద చట్టం చేసే అధికారం రాష్ట్రాలది. ఒడిశాలో ఎక్సైజ్ చట్టం, 2008 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, తయారీ కోసం సామాను ఇంట్లో పెట్టుకున్నా నేరమే. కొండ ఊళ్లలో జీలుగు కల్లు, సంతలో హండియా (బియ్యంతో పులియబెట్టే మద్యం) కనబడుతున్నాయి కదా నాన్నా అని వాడు అడగవచ్చు. ఆ ఆచారాల లెక్క వేరు, పట్నంలో స్టీలు యంత్రం పెట్టుకున్నవాడికి ఆ మాట అక్కరకు రాదు. సరిహద్దు దాటి పార్వతీపురం వైపు చుట్టాలింట్లో కాస్తానన్నా ఆంధ్రలోనూ లైసెన్సు కావలసిందే. చట్టం పక్కనపెట్టినా, అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇక్కడి ప్లగ్గులో పెడితే లక్షా పాతికవేల యంత్రం మాడిపోవచ్చు.

మీకు రుచి చూపించాలని అంత ముచ్చటగా ఉంటే, విదేశాల నుంచి వచ్చేవారు సుంకం లేకుండా 2 లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు. 355 మిల్లీలీటర్ల సీసాలు అయిదు వస్తాయి. అవి అక్కడి కొట్లో బిల్లుతో కొన్నవై ఉండాలి, పెట్టెలో బట్టల మధ్య గట్టిగా చుట్టమనండి. వాళ్లమ్మకు మాత్రం ఆ పెట్టె తెరవకముందే, మీరే చెప్పేయండి.