ఫైబర్ బోటు అడుగున వేసిన ప్యాచ్ రెండు నెలలకే ఊడిందంటే

రెజిన్ తప్పు కాకపోవచ్చు. ఊడిన ముక్కను తిప్పి చూడండి. వెనకవైపు అద్దంలా నున్నగా ఉంటే, అది పాత జెల్‌కోట్ (బోటు పైన ఉండే నున్నటి రంగు పొర) మీదే కూర్చుంది, ఫైబర్‌ని పట్టుకోలేదు.

1. ముందు మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి ఆరబెట్టండి.

2. రుద్దకముందే ఎసిటోన్‌తో తుడవండి. చాలామంది వదిలేసేది ఇదే. తుడవకుండా రుద్దితే పాత మైనం, డీజిల్ జిడ్డు గీతల్లోకి దిగిపోతాయి, ఆ తర్వాత ఎంత తుడిచినా రావు. గుడ్డ మాటిమాటికీ మార్చండి.

3. 40 నంబర్ డిస్క్‌తో జెల్‌కోట్ పోయి పీచు కనబడేదాకా రుద్దండి. అంచు ఏటవాలుగా, మందానికి 12 రెట్లు: 5 మి.మీ. గోడకు చుట్టూ 60 మి.మీ.

4. రుద్దిన చోట పాలిథిన్ ముక్క పరిచి, అంచులు టేపుతో మూసి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆరలేదు, ఆగండి.

5. చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజుపీచు మ్యాట్, వాడే మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్. కిలో రెజిన్‌కు హార్డెనర్ 10–20 మి.లీ.; ఎండలో 10 చాలు. రోలర్‌తో బుడగలు తీయండి.

దయచేసి కోబాల్ట్‌నీ (రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే ద్రవం) హార్డెనర్‌నీ నేరుగా కలపకండి, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్.