జవాబు ముందే తెలిసిన ప్రయోగం మళ్ళీ ఎందుకు చేయాలి?

"గురుత్వ త్వరణం 981 సెం.మీ./సె² అని అందరికీ తెలుసు కదా, మళ్ళీ ల్యాబ్‌లో లోలకం ఊపడం దేనికి? సీనియర్ల రికార్డులోంచి ఎక్కించేస్తే పోదా అని ఇంటర్ చదివే మా తమ్ముడు అంటున్నాడు, ఏం చెప్పాలి?" అని అడిగారు.

నేనూ ఆ మాట అన్నవాణ్ణే. మా బ్యాచ్‌లో మొదటిసారి సామాన్య లోలకం (దారానికి వేలాడే గుండు) ప్రయోగం చేసినప్పుడు అందరికీ 978, 980, 981 ఇలా వచ్చాయి. నాకూ నా పార్ట్‌నర్‌కీ మాత్రం 1087. మూడు పొడవులతో చేశాం, మూడింటికీ దాదాపు అంతే. "మూడుసార్లూ ఒకేలా వచ్చిందంటే కరెక్టే అయ్యుంటుంది" అని నేను. "కరెక్టెక్కడిది, టైముకి రెండు సెకన్లు కలిపేయ్" అని వాడు. కలిపే ధైర్యం చాలక 1087తోనే సార్ దగ్గరికి వెళ్ళాం.

ఆయన మా లెక్క వైపు చూడలేదు. "మళ్ళీ ఊపు, పైకి లెక్కపెట్టు" అన్నారు. స్టాప్‌వాచ్ నొక్కుతూనే "ఒకటి" అన్నాను. అక్కడే ఆపేశారు. "ఇంకా ఊగనే లేదు, ఒకటెలా అయింది?"

వాచ్ నొక్కేటప్పుడు సున్నా అనాలి. ఒకటితో మొదలుపెడితే ఇరవై అనేసరికి అయ్యేవి 19 డోలనాలే (ఒక డోలనం అంటే గుండు ఒకసారి వెళ్ళి తిరిగి రావడం). మీటరు పొడవు లోలకానికి 20 డోలనాలకి 40 సెకన్లు పడుతుంది, మా వాచ్ 38 చూపించింది. అంటే ఆవర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే సమయం) 5 శాతం తగ్గింది. గురుత్వ త్వరణం లెక్కకట్టే సూత్రంలో దాని వర్గం హారంలో ఉంటుంది కాబట్టి జవాబు 10 శాతం పైనే పెరిగింది. రీడింగులు ఒకదానితో ఒకటి కలవడం వేరు, అసలు విలువకి దగ్గరగా ఉండడం వేరు అని పుస్తకంలో ఉంది గానీ, నాకు బుర్రకెక్కింది ఆ రోజే. వాడు చెప్పినట్టు రెండు సెకన్లు కలిపి ఉంటే 981 వచ్చేసేది, నేను ఇప్పటికీ ఒకటి నుంచే లెక్కపెడుతూ ఉండేవాణ్ణి.

ఒక్క డోలనమే కొలిస్తే ఏం పోయింది అని మీ తమ్ముడు అడగొచ్చు. చూసి వాచ్ నొక్కడంలో మన వేలు సుమారు 0.2 సెకను అటూఇటూ అవుతుంది. 2 సెకన్లలో అది 10 శాతం, 40 సెకన్లలో అర శాతం.

నాకు ఇష్టమైన తప్పు ఇంకోటుంది. లోలకం పొడవంటే గుండు మధ్య వరకు. దారం ఒక్కటే కొలిస్తే, అడ్డంగా పొడవు, నిలువుగా ఆవర్తన కాలం వర్గం వేసి గీసిన గ్రాఫులో గీత మూలబిందువు గుండా పోదు. చాలామంది స్కేలు జరిపి బలవంతంగా పోనిస్తారు. జరపకుండా ఆ గీతనే వెనక్కి పొడిగించమనండి. పొడవుల అక్షాన్ని సున్నాకి ఎడమవైపు, గుండు వ్యాసార్ధమంత దూరంలో తాకుతుంది. కొలవడం మర్చిపోయిన సంగతి గ్రాఫే చెప్పేస్తుంది! పైగా వాలు మారదు కాబట్టి, వాలుతో లెక్క కడితే జవాబు సరిగ్గానే వస్తుంది.

బరువైన గుండు త్వరగా ఊగుతుందా అని చూడాలనుకుంటే గుండు మార్చి ఊరుకోకూడదు. పెద్ద గుండు కడితే మధ్య బిందువు కిందికి పోయి పొడవూ మారుతుంది. అప్పుడు తేడా వచ్చినా అది బరువు వల్లో, పొడవు వల్లో తెలియదు.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో మాత్రం తప్పు చేసి నేర్చుకుంటానంటే కుదరదు. మా రోజుల్లో ద్రావణాన్ని కొలిచి తీసే గాజు గొట్టాన్ని, అంటే పిపెట్‌ను నోటితో పీల్చేవాళ్ళం. కబుర్లలో పడి, దాని మొన ద్రావణంలోంచి పైకి వచ్చేసింది నేను చూసుకోలేదు. గాలితో పాటు సోడియం హైడ్రాక్సైడ్ గుప్పున నోట్లోకి వచ్చింది. బాగా పలచనిది కాబట్టి సబ్బు రుచితో సరిపోయింది. రబ్బరు బల్బు లేనిదే పిపెట్ ముట్టుకోవద్దనండి. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్ళలోకే ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. అటుదిటు చేస్తే తేలికైన నీళ్ళు పైనే నిలిచి, అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతాయి.

ల్యాబ్ దాకా ఎందుకు, ఈ ఆదివారం ఇంట్లోనే దారానికి ఇనుప నట్టు కట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో మూడు పొడవులకి చేయమనండి. నట్టును కొంచెమే పక్కకి లాగి వదలాలి. 45 డిగ్రీలు లాగితే ఆవర్తన కాలం 4 శాతం దాకా పెరుగుతుంది. ఫ్యాన్ ఆపేయాలి. ఎంత వచ్చినా దిద్దకుండా ఇక్కడ పెట్టమనండి, తప్పు ఎక్కడుందో కలిసి వెతుకుదాం.