పెటోస్కీ రాయికి మిషను వద్దు, చింతపండు అసలే వద్దు

మిషిగన్ సరస్సు ఒడ్డున ఏరిన రాయి శిలాజమో కాదో ఎలా తెలుస్తుంది, ఇంట్లోనే మెరుగు పెట్టుకోవచ్చా అని అడిగారు. ఎనిమిది వేసవులుగా అదే ఒడ్డున వంగి నడిచి నడుము పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి చెబుతాను.

మీ ఫొటోలో రాయి పొడిగా ఉంది. పొడి రాయిని చూపించి ఇదేమిటని అడగడం, మూత తీయని గిన్నె చూపించి కూర ఏమిటని అడగడమే. నీళ్ళలో ముంచండి. ఈ ఒడ్డున అందరూ వెతికేది పెటోస్కీ రాయి, అంటే పగడపు శిలాజం. ఆరితే అది మామూలు బూడిదరంగు గులకరాయి. తడిస్తే ఆరు పలకల గళ్ళు తేలతాయి. గడి మధ్యలో నల్లటి మచ్చ, అక్కడి నుంచి అంచుల దాకా సన్నటి గీతలు. ఒక్కో గడి ఒక్కో పగడపు జీవి కాపురం చేసిన గది. దాదాపు 38 కోట్ల ఏళ్ళ క్రితం, ఇప్పుడు మంచులో కూరుకుపోయే ఈ రాష్ట్రం వెచ్చటి, లోతు తక్కువ సముద్రంగా ఉన్నప్పటి కథ అది. గళ్ళు మరీ చిన్నవై, తేనెపట్టులా ఉండి, లోపల గీతలు కనిపించకపోతే అది పెటోస్కీ దాయాది. ఇక్కడ చార్లెవాయ్ రాయి అంటారు. అదీ పగడమే, పారేయకండి.

నాపరాతి పలక మీద నల్లటి చెట్టు బొమ్మ కనిపించగానే ‘ఫెర్న్ ఆకు శిలాజం’ అంటూ ఫొటో పంపే బంధువులు నాకు నలుగురున్నారు. అది పగుళ్ళలోకి ఇంకిన మాంగనీసు వేసిన ముగ్గు. ఒకప్పుడు ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాను.

ఇక మెరుగు సంగతి. రాళ్ళు, గరుకు పొడి, నీళ్ళు పోసి రోజుల తరబడి దొర్లించే మిషను ఒకటి అమ్ముతారు. కొనకండి. అగేటు లాంటి గట్టి రాళ్ళకు అది బాగుంటుంది. పెటోస్కీ కాల్సైటు, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం. పదికి లెక్కగట్టే కొలతలో దాని గట్టిదనం 3. ఆ పొడి సిలికాన్ కార్బైడు, దాని గట్టిదనం 9 పైమాటే. గ్యారేజీలో వారం పాటు గడగడలాడించి మూత తీస్తే, నేను ఏరికోరి వేసిన పన్నెండు రాళ్ళు సగానికి అరిగి బురదలో పడున్నాయి.

ఆ వేసవిలోనే అమ్మ వచ్చింది. నేను గరుకు కాగితం పట్టుకుని రాయిని ముందుకూ వెనక్కూ రుద్దుతుంటే కాసేపు చూసి, “గంధం తీయడం కూడా రాదట్రా నీకు?” అంది. పీట వేసుకుని కూర్చుంది. తడి కాగితాన్ని పలక మీద పరిచి, రాయిని దాని మీద గుండ్రంగా, తొందర లేకుండా తిప్పింది. ముందు ముతకగా ఉండే 220 నంబరు కాగితం, తర్వాత 400, తర్వాత నున్నటి 600. కాగితం మార్చిన ప్రతిసారీ చేతులూ రాయీ కడిగి, పళ్ళెంలో నీళ్ళు పారబోసేది. అవి ఎంగిలి నీళ్ళట. నిజమే, ముతక కాగితం రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడుతుంది. ఇంకో కిటుకు: గీతలు పోయాయో లేదో రాయి ఆరాకే చూడాలి, తడి అన్నిటినీ దాచేస్తుంది. చివరికి మఖమల్ గుడ్డ మీద మెరుగుపొడి వేసి రుద్దితే గాజులా వచ్చింది. వార్నీషు పూసి అమ్మే దుకాణాల రాళ్ళు దాని ముందు దిగదుడుపే.

అమ్మ దాన్ని తీసుకెళ్ళి దేవుడి దగ్గర శాలగ్రామం పక్కన పెట్టింది. నేనేమీ అనలేదు. గండకీ నదిలో దొరికే శాలగ్రామాలు కూడా అమ్మొనైటు అనే చుట్ట పెంకు సముద్రజీవి శిలాజాలే కదా, ఇద్దరూ సముద్రం వాళ్ళే.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి నా రాయి పిండి పూసినట్టు తెల్లబోయి ఉంది.

“కుందులతో పాటు దీన్నీ చింతపండు పెట్టి తోమాను నాన్నా. ఇత్తడి తళతళలాడుతోంది, ఇదేమిటో మాసిపోయింది” అంది అమ్మ.

పులుపు తగిలితే కాల్సైటు కరుగుతుంది. మూడు సాయంత్రాల పని ఐదు నిమిషాల్లో పోయింది. మళ్ళీ 400 నుంచి మొదలుపెట్టింది, ఈసారి నాతో మాట్లాడకుండా. మీరు కావాలంటే రాయి అడుగున ఒక చుక్క వెనిగర్ వేసి చూడండి. సన్నటి బుడగలు వస్తే సున్నపు రాయి. శిలాజమా కాదా అన్నది మాత్రం గళ్ళే చెప్పాలి.

ఇంకొకటి. మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వ భూముల్లో మనిషికి ఏడాదికి 25 పౌన్ల వరకే ఏరుకోవచ్చు. 2015లో ఒకాయన 93 పౌన్ల పెటోస్కీని నీళ్ళలోంచి బయటికి తీస్తే అధికారులు ఆ రాయిని పట్టుకుపోయారు. జాతీయ సంరక్షిత ప్రాంతమైన స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బల దగ్గర అయితే ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకూడదు.

మీ రాయిని తడిపి, వెలుతురులో ఇంకో ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.