పాత నావిగేటర్‌కి పదిహేను వందలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి. వ్యాపారం పనిమీద అప్పుడప్పుడూ సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్తుంటాను. సుంకి ఘాట్ ఎక్కాక ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, మ్యాప్ తెల్లగా ఉండిపోతుంది. మా బావ దగ్గర 2011లో కొన్న గార్మిన్ నూవీ (కారులో దారి చూపే నావిగేటర్) ఉంది, వాడటం మానేసి చాలా ఏళ్ళయింది. పదిహేను వందలిచ్చి తీసుకోమంటున్నాడు. నెట్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు, ఇక దీనికి తిరుగేముంది అంటాడు. బావ మాట కొట్టెయ్యలేను, ఊరికే డబ్బు పోసుకోనూ లేను. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: నెట్ అక్కర్లేదన్న మాట వరకూ మీ బావగారు చెప్పింది నిజమేనండీ. ఆ పెట్టె సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ అందుకుంటుంది, ఒకేసారి నాలుగు ఉపగ్రహాలు దొరికితే చాలు, తనెక్కడుందో లెక్క కట్టేస్తుంది. పాత రిసీవర్లు వాడే సిగ్నల్ ఈరోజుకీ వస్తూనే ఉంది, అందుకే 2011 నాటిదైనా ఆ పని చెయ్యగలదు. కానీ అదే పని మీ జేబులో ఉన్న ఫోనూ చేస్తుంది, నెట్ లేకపోయినా చేస్తుంది! ఘాట్‌లో తెల్లగా కనిపిస్తోందంటే పోయింది జీపీఎస్ కాదు, మ్యాప్ బొమ్మ. అది నెట్ నుంచి రావాలి కాబట్టి రావట్లేదు.

అందుకని పైసా ఖర్చు పెట్టకముందు ఇంట్లో వైఫై ఉన్నప్పుడు గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్స్ అనే చోటికెళ్ళి బొబ్బిలి నుంచి కోరాపుట్ దాకా పడేలా డబ్బా గీసి డౌన్‌లోడ్ చేసుకోండి. ఘాట్‌లో ట్రాఫిక్ సమాచారం రాదు గానీ దారి మాత్రం చెప్తుంది. కొన్నాళ్ళకు దాని గడువు తీరిపోతుంది కాబట్టి ప్రయాణానికి ముందు ఒకసారి అప్‌డేట్ చేసుకుంటే సరి. మీ అసలు కష్టం ఇక్కడితోనే తీరిపోవచ్చు.

అయినా పెట్టె తీసుకుందామనే ఉంటే దాన్ని మ్యాపుతోనే తూచండి. మిగతావన్నీ తర్వాత. బావగారింట్లోనే ఆన్ చేసి రాజాం అని వెతకండి. శ్రీకాకుళం జిల్లాలో చూపిస్తే అది 2022 ఏప్రిల్ ముందు మ్యాప్ అన్నమాట, ఎందుకంటే జిల్లాలు మార్చినప్పుడు రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. హైదరాబాద్ ఇంకా ఆంధ్రప్రదేశ్ కిందే ఉంటే 2014 నాటికి అక్కడే ఆగిపోయిందని అర్థం. శ్రీకాకుళం పక్కనుంచి పోయే హైవేకి 16కి బదులు 5 అని, మీరు వెళ్ళే సాలూరు రోడ్డుకి 26కి బదులు 43 అని రాసి ఉంటే ఇంకా పాతది. పేర్లూ నంబర్లూ పాతవైతే బండి నడపడానికి పెద్ద నష్టం లేదు, ఘాట్ మలుపులు కూడా చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. టెన్షనంతా పెద్ద రోడ్డు మీదే. రణస్థలం నుంచి నరసన్నపేట దాకా హైవేని ఆరు వరుసలు చేశాక ఎక్కడ దిగాలో, ఏ సర్వీసు రోడ్డు పట్టాలో చాలాచోట్ల మారిపోయింది. అలాంటి చోట పాత పెట్టె ధీమాగా కుడికి తిరగమంటుంది, అక్కడ చూస్తే డివైడర్.

కాబట్టి మ్యాప్ అప్‌డేట్ అవుతుందా అన్నదే బేరం. కంప్యూటర్‌లో గార్మిన్ ఎక్స్‌ప్రెస్ అనే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసి, పెట్టెను తగిలించి, ఇండియా మ్యాప్ కొత్తది ఇస్తుందో లేదో, ఎంత అడుగుతుందో మీ కళ్ళముందే చూడండి. పాత మోడళ్ళలో లోపలి మెమొరీ చాలక ఎస్‌డీ కార్డు కొనాల్సి రావచ్చు. అట్టపెట్టె మీద లైఫ్‌టైమ్ మ్యాప్స్ అని ఉందని మురిసిపోకండి, ఆ లైఫ్ మీది కాదు, కంపెనీ ఆ మోడల్‌ని పట్టించుకున్నంత కాలం మాత్రమే. కార్డులో మ్యాప్ ఎక్కించి ఇస్తామనే వాళ్ళ జోలికి పోవద్దు, అది చాలావరకు దొంగ కాపీ, సగంలో ఆగిపోతే అడిగే దిక్కుండదు.

అప్‌డేట్ అవుతుందని తేలాక పెట్టె ఒళ్ళు చూడండి. ఏళ్ళ తరబడి మూలన పడుంది కాబట్టి మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి టైం పడుతుంది, ఏ ఉపగ్రహం ఎక్కడుంటుందో చెప్పే పట్టిక మొత్తం దిగడానికే పన్నెండున్నర నిమిషాలు కావాలి. కాలేజీ గ్రౌండులాంటి ఖాళీ చోట ఆకాశం కనిపించేలా కదపకుండా ఓ పావుగంట ఉంచండి, రెండు నిమిషాలకే పాడైపోయిందని తీర్మానించెయ్యకండి. అరగంటైనా దొరక్కపోతే మాత్రం వదిలెయ్యండి. ఆ కాలం టచ్ స్క్రీన్లు చాలావరకు కాస్త గట్టిగా నొక్కితే గానీ పలకవు, అంచుల్లో ఉన్న అక్షరాలు కూడా పడుతున్నాయో లేదో కోరాపుట్ అని టైప్ చేసి చూడండి. వెనక మూత ఉబ్బినట్టున్నా, స్క్రీన్ ఒక పక్క లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు, ఎండలో డాష్‌బోర్డు మీద పెట్టే వస్తువది. బ్యాటరీ ఉబ్బకుండా ఛార్జి మాత్రమే నిలవకపోతే కారు ఛార్జర్ మీద నడిపించుకోవచ్చు, అయితే దాని ఒరిజినల్ ఛార్జర్ అడిగి తీసుకోండి, చాలా నూవీలు మామూలు యూఎస్‌బీ కేబుల్ పెడితే కంప్యూటర్‌కి తగిలించారనుకుని మ్యాప్ చూపించడం మానేస్తాయి.

నన్నడిగితే మ్యాప్ కొత్తది ఎక్కితేనే పదిహేను వందలు, లేకపోతే స్టాండుకీ ఛార్జర్‌కీ కలిపి ఓ మూడొందలు చాలు. బావగారితో బేరం ఎలా ఆడాలో మాత్రం మా శీర్షిక పరిధిలోకి రాదు, అది అక్కయ్యగారి ద్వారా నడపండి.

ప్రశ్న: మా పాత నావిగేటర్ దారి సరిగ్గానే చెప్తోంది గానీ తేదీ దాదాపు ఇరవై ఏళ్ళు వెనక చూపిస్తోంది. ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ అంతే. బాగు చేయించాలా?
– పలాస నుంచి ఒకరు

జవాబు: షాపుకి తీసుకెళ్ళకండి, పార్టు ఏదీ పోలేదు. జీపీఎస్ వారాలను 0 నుంచి 1023 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నాకి వస్తుంది. అంటే 1024 వారాలు, పంతొమ్మిదిన్నర ఏళ్ళ పైమాట. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా తిరిగింది. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న పెట్టెలు కొన్ని అప్పుడే, కొన్ని ఆ తర్వాత తికమకపడ్డాయి. కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేసుకోండి, మ్యాప్ అప్‌డేట్ వేరు, ఇది వేరు. లేకపోతే తేదీని వదిలేసి దారి వరకూ వాడుకోండి. ఉపగ్రహాలు దొరకడానికి ముందుకంటే బాగా ఆలస్యమవుతుంటే మాత్రం దాన్ని నమ్ముకుని కొత్త ఊరు బయల్దేరొద్దు.

ప్రశ్న: కారుతో పాటు నావిగేటర్ కూడా అమ్మేస్తున్నాను. ఏమైనా జాగ్రత్త పడాలా?
– శ్రీకాకుళం పాఠకురాలు

జవాబు: హోమ్ అని నొక్కితే మీ ఇంటి గుమ్మం దాకా దారి చెప్తుందమ్మా, ముందు అది తీసెయ్యండి. ఫేవరెట్లు, ఇటీవల వెళ్ళిన చోట్లు, బ్లూటూత్‌తో కలిపి ఉంటే ఫోన్ నంబర్లు కూడా అందులో ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో రీసెట్ చేసి, ఎస్‌డీ కార్డు తీసుకుని, అప్పుడు ఇవ్వండి.