లాన్ కార్డు కొనకు, ముందు ప్రొవైడర్‌కి ఫోన్ చెయ్

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఆఫీసు లినక్స్ సర్వర్‌కి మూడు పబ్లిక్ ఐపీలు (బయటి ఇంటర్నెట్‌కి కనపడే అడ్రసులు) కావాలి, అందుకని శనివారం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి, నెట్ వైరు గుచ్చే లాన్ కార్డులు ఇంకో రెండు తెస్తానన్నావు. ఆగు తల్లీ. కార్డుకో ఐపీ అని రూలేమీ లేదు. గుమ్మం ఒకటే అయినా పక్కన మూడు నేమ్ బోర్డులు పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే.

అసలు మూడూ అవసరమా అన్నది ముందు చూసుకో. మూడు వెబ్‌సైట్ల కోసమే అయితే ఒక్క ఐపీ సరిపోతుంది. హెచ్‌టీటీపీఎస్‌లో కూడా బ్రౌజర్ ఏ సైటు కావాలో ముందే చెప్తుంది. మెయిల్ సర్వర్‌కి మాత్రం వేరే ఐపీ ఉండటం మంచిది. ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే రివర్స్ డీఎన్ఎస్ పెట్టాల్సింది నెట్ ఇచ్చే ప్రొవైడరే, అడిగి పెట్టించుకో.

ఇప్పుడు ప్రొవైడర్‌కి ఫోన్ చేసి ఒక్క మాట అడుగు: ఐపీలు స్టాటిక్ బ్లాక్‌గా (మారని అడ్రసుల గుత్తిగా) ఇస్తారా, డీహెచ్‌సీపీలోనా (కనెక్ట్ అయినప్పుడు వాళ్ల సర్వరే పంచుతుందా)? మిగతా పనంతా ఆ జవాబును బట్టే. ఇప్పుడు వస్తున్న అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మాత్రం అది పబ్లిక్ ఐపీయే కాదు, ముందు ఆ సంగతి తేల్చుకో.

స్టాటిక్ అయితే పని తేలిక. /29 బ్లాక్ ఇస్తే అందులో 8 అడ్రసులు. మొదటిదీ చివరిదీ వాడకూడదు, ఒకటి బయటికి దారి చూపే గేట్‌వేకి పోతుంది, నీకు 5 మిగులుతాయి. ‘ఐపీ అడ్రస్ యాడ్’ కమాండ్‌తో ఒక్కోటీ అదే కార్డుకు తగిలించు. పాత కమాండ్ ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’‌లో చూస్తే ఈ అదనపు అడ్రసులు కనపడకపోవచ్చు, కంగారుపడకు. రీబూట్ తర్వాత కూడా ఉండాలంటే నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్‌లోనో నెట్‌వర్క్ మేనేజర్‌లోనో రాయాలి. బయటికి వెళ్లే ట్రాఫిక్ మామూలుగా మొదటి ఐపీతోనే వెళ్తుంది. అందుకని మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్‌కి ఏ అడ్రసు నుంచి పంపాలో విడిగా చెప్పాలి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకసారి రాత్రిపూట మలక్‌పేటలో ఇంట్లో కూర్చుని, మాదాపూర్‌లో ఉన్న సర్వర్ మీద మొదటి ఐపీ ఒక్కటి తీసేశాను. మిగిలిన నాలుగూ దాంతోపాటే ఎగిరిపోయాయి! ఒకే సబ్‌నెట్‌లో (ఒకే అడ్రసుల గుంపులో) మొదటిది పోతే తర్వాతవీ పోవడం లినక్స్ పాత అలవాటు. వానలో ఆటో బేరమాడుకుంటూ అంత దూరం పోయాను. ‘ప్రమోట్ సెకండరీస్’ అనే సెట్టింగ్ 1 ఉంటే ఈ గొడవ ఉండదు. ఇప్పుడు చాలా లినక్స్‌లలో అలాగే వస్తోంది కానీ నువ్వు ఓసారి చూసుకో. దూరం నుంచి పని చేస్తుంటే ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడు. నువ్వు ఎంటర్ కొట్టకపోతే 120 సెకన్లలో పాత సెట్టింగ్‌కి తనే వెళ్లిపోతుంది.

డీహెచ్‌సీపీ అంటే వేరే కథ. సాధారణంగా అక్కడ రేషన్ కార్డు లెక్క: ఒక మ్యాక్ అడ్రసుకు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరుకు) ఒక ఐపీ. కాబట్టి ఉన్న కార్డు మీదే ‘మ్యాక్‌వీలాన్’ ఇంటర్‌ఫేస్‌లు, అంటే ఉత్తుత్తి కార్డులు, రెండు పుట్టించు. ఒక్కోదానికీ సొంత మ్యాక్ ఉంటుంది కాబట్టి డీహెచ్‌సీపీ దేనికి దానికే ఐపీ ఇస్తుంది. ఆ మ్యాక్ నువ్వే రాసి ఖాయం చెయ్, లేకపోతే మళ్లీ సృష్టించినప్పుడు కొత్తది రావచ్చు, ఐపీ కూడా మారిపోవచ్చు. కొందరు ప్రొవైడర్లు ఒక లైనుకు ఒక్క మ్యాక్‌నే ఒప్పుకుంటారు, అదీ ఫోన్‌లోనే అడిగెయ్. వైఫై మీద మ్యాక్‌వీలాన్ పెట్టుకోకు, దాదాపు ఎక్కడా పని చెయ్యదు.

మూడు ఇంటర్‌ఫేస్‌లూ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరు పలుకుతారు, బయటికి పోయే డిఫాల్ట్ రూటు కోసం కొట్టుకుంటారు. ఏ ఐపీ ఏ మ్యాక్‌దో అడిగి చెప్పేది ఏఆర్‌పీ. దాని సెట్టింగులు ‘ఏఆర్‌పీ ఇగ్నోర్’ 1, ‘ఏఆర్‌పీ అనౌన్స్’ 2 పెట్టి, ఒక్కో ఐపీకి వేరే రూటింగ్ టేబుల్ రాస్తే సర్దుకుంటుంది. నన్నడిగితే అంత తలనొప్పి వద్దు. ఒక్కో మ్యాక్‌వీలాన్‌ని ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో (విడి నెట్‌వర్క్ గదిలో) పడెయ్, ఎవరి వంటిల్లు వారిది. అసలు కార్డు నుంచి నేరుగా మ్యాక్‌వీలాన్‌కి పింగ్ పోదు, అది తప్పు కాదు, దాని తీరే అంత.

అంతా అయ్యాక ఆఫీసు వైఫై నుంచి చూసి సంబరపడకు. ఫోన్‌లో డేటా ఆన్ చేసి మూడింటినీ పింగ్ చెయ్. ఒకటి పలకకపోతే ప్రొవైడర్ రౌటర్ దగ్గర పాత ఏఆర్‌పీ ఎంట్రీ ఉండిపోయి ఉండొచ్చు, ఈ ఐపీ నాదే అని ‘ఆర్పింగ్’‌తో ఓసారి చాటింపు వెయ్యి. అప్పటికీ పలకకపోతే నాకు ఫోన్ చెయ్, తొమ్మిదిలోపే. ఆ తర్వాత మీ అత్తయ్య సీరియల్ మొదలవుతుంది, హాల్లో నా మాట నాకే వినపడదు.

మావయ్య