చదివిన ఏడాదికి మార్కులు వేయకు

హనుమకొండ,
డిసెంబర్ చివరి వారం

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన పట్టిక ఫోనులో తెరిచి చూశాను. పుస్తకం పేరు, పేజీల సంఖ్య, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, ఐదింటికి ఎన్ని చుక్కలు. అడుగున ఎర్ర అక్షరాల్లో 'లక్ష్యం యాభై, పూర్తయినవి ముప్పై ఒకటి'. కింద నీ ప్రశ్న: ఏడాదంతా చదివినా ఏమీ మిగలలేదనిపిస్తోంది, వెనక్కి తిరిగి ఎలా చూసుకోవాలి పెద్దమ్మా అని.

మిగలకేం, మిగిలింది. నువ్వు వెతికిన గడుల్లో లేదంతే. ఈ పట్టిక గ్రూప్స్‌కు చదివినప్పటి నీ టైంటేబుల్‌కు తోబుట్టువు. పొద్దున్నే నేను గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద వరసగా కూర్చుని ఉండే పిల్లల్లో నువ్వూ ఒకతెవు. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఒళ్లో కరెంట్ అఫైర్స్ పుస్తకం. రోజుకు ఇన్ని పేజీలు, వారానికో మాక్ టెస్ట్, తప్పిన ప్రశ్నలకు వేరే నోట్సు. ఆ చదువే నీకు ఉద్యోగం తెచ్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అక్కడ ప్రతి పేజీ వెనకా ఒక ప్రశ్నపత్రం కాచుకుని ఉంటుంది. ఇష్టంగా చదివే కథకు ప్రశ్నపత్రం రాదు. ఉద్యోగంలో చేరి ఏడాది దాటినా ఆ సంగతి నీ చేతికి ఇంకా ఎక్కలేదు. అందుకే నవలకు కూడా కీ పేపర్ తయారు చేస్తున్నావు.

ముందు ఆ పట్టిక మూసెయ్యి. చెరిపేయవద్దు, తర్వాత పనికొస్తుంది. ఒక తెల్లకాగితం తీసుకుని ఏ పుస్తకాలు తలపుకు వస్తే అవి రాసుకుంటూ పో. పేరు గుర్తు రాకపోతే వదిలెయ్యి, గుర్తున్నదే రాయి. ఒక మనిషి, ఒక మాట, ఒక ఇల్లు, అత్తాకోడళ్ల తగాదా, ఏదైనా సరే. అది చదువుతున్నప్పుడు నువ్వు ఎక్కడున్నావో పక్కనే రాసుకో. బతుకమ్మ సెలవుల్లో అమ్మ వాళ్లింటి మేడ మీదా, కరెంటు పోయిన రాత్రి ఫోను వెలుగులోనా, కాజీపేటలో రైలు కోసం బెంచీ మీదా? కాగితం నింపాలని ఆరాటపడకు. తలపుకు రావడం ఆగిపోయినప్పుడు కలం మూసి, అప్పుడు పట్టిక తెరువు.

రెండూ పక్కపక్కన పెడితే నీకే నవ్వు వస్తుంది. ఐదు చుక్కలు వేసిన వాటిలో కొన్ని కాగితం మీద ఉండవు. రెండు చుక్కలతో సరిపెట్టినదేదో మూడు వరుసలు ఆక్రమించి కూర్చుంటుంది. పుస్తకం ముగిసిన రాత్రి వేసిన చుక్కలు ఆ రాత్రి సంతోషానివి. ఏడాది తిరిగాక కూడా వెంట వచ్చేది వేరు. ఆ రెండింటికీ తేడా ఎక్కడ పడిందో అక్కడ ఆగి చూడు, వచ్చే ఏడాది ఏం చదవాలో అక్కడే తెలుస్తుంది.

నీ పట్టికలో ఒకటి చూసి మాత్రం నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. 'అంపశయ్య'కు రెండు చుక్కలు వేసి పక్కన 'ఏమీ జరగదు' అని రాశావు. ఉస్మానియా హాస్టల్లో ఉండే కుర్రవాడు ఒక్క రోజులో, నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా, లోపల్లోపల ఏమేమి అనుకుంటాడో అదే ఆ నవల. జరిగేదంతా తలలోనే. 1969లో అచ్చయింది. మన పాత వరంగల్ జిల్లా వావిలాలలో పుట్టిన నవీన్ రాశారు. ఆ నవల పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడింది. దాన్ని నువ్వు ఎలా చదివావో తేదీలే చెబుతున్నాయి. ఉద్యోగానికి జనగామకు వెళ్లే రైల్లో, ఘన్‌పూర్‌కు కొంచెం, రఘునాథపల్లికి కొంచెం, పక్కన పల్లీలమ్మే అతని కేకలు. ఒక మనసు వెంట ఎడతెగకుండా నడవాల్సిన పుస్తకాన్ని స్టేషన్ల లెక్కన ముక్కలు చేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక ఆదివారం ఫోను పక్క గదిలో పెట్టి పొద్దున మొదలుపెట్టు. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు, నీతో వాదించను.

రైలుకు తగినవి రైలుకు ఉన్నాయి. కథలు, వ్యాసాలు, ఉత్తరాలు, ఒక కూర్చోవడంలో ముగిసేవి. సామల సదాశివ గారి 'స్వరలయలు' అందుకే నీకు ఇచ్చాను. ఆదిలాబాద్‌లో ఉంటూ హిందుస్తానీ సంగీతం గురించి ఆయన తెలుగులో రాసిన వ్యాసాలు అవి. 2011లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సంగీతం తెలియదు కదా అని నువ్వు భయపడ్డావు. పొద్దున రైల్లో ఒక వ్యాసం చదువు, సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ గాయకుణ్ణే ఫోనులో పెట్టుకుని విను. మరుసటి రోజు అదే వ్యాసం మళ్లీ చదువు. పేజీల లెక్కలో ఒక్క పేజీ కూడా పెరగదు, పెరగకపోతే మానె.

ఇక సగంలో వదిలేసినవి. పట్టికలో ఒక్కటీ లేదు! ఏడాదిలో ఒక్క పుస్తకమైనా వదలకుండా ముగించానంటే నేను నమ్మను. నమ్మాల్సి వస్తే అది నీ మీద జాలి పడాల్సిన విషయం. ఇష్యూ కౌంటర్ దగ్గర కూర్చున్నన్నాళ్లూ తిరిగివచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఒకసారి విదిలించేదాన్ని. లోపలి నుంచి బస్సు టికెట్లు, మందుల చీటీలు, ఎండిపోయిన తంగేడు పువ్వు, ఒకసారి కొత్త పది రూపాయల నోటు రాలాయి. ఒక లావుపాటి చారిత్రక నవల ఉండేది. అట్ట వెనక గడువు తేదీల చీటీ నిండా ముద్రలే, ఎంతమంది తీసుకెళ్లారో! బస్సు టికెట్లు మాత్రం ఎప్పుడూ మొదటి అరవై పేజీల్లోనే దొరికేవి. ఆ తర్వాతి కాగితాలు అచ్చయిన రోజున ఎలా ఉన్నాయో అలాగే, మడత లేకుండా. ఎవరూ కౌంటర్ దగ్గర 'చదవలేకపోయాను' అనలేదు, 'బాగుంది మేడం' అనే అన్నారు. నువ్వు నీకు నువ్వే అలా చెప్పుకోవద్దు. ఏ పేజీ దగ్గర ఆగావో, ఎందుకో రాసుకో. అక్షరాలు మరీ చిన్నవా, అప్పుడు ఇంట్లో మనసు బాగాలేదా, రచయిత సాగదీశాడా. మొదటి రెండు కారణాలైతే ఆ పుస్తకానికి మళ్లీ ఒక అవకాశం ఇవ్వు. మూడోదైతే ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఇంకో గడి కూడా నీ పట్టికలో లేదు: ఏ పుస్తకం నీకు ఎలా చేరింది. గుర్తు చేసుకుని రాయి. ముప్పై ఒకటిలో ఎక్కువ భాగం ఫోనులో ఎవరో 'తప్పక చదవాల్సినవి' అన్నవే అయి ఉంటాయని నా అనుమానం. అవి చెడ్డవని కాదు, అందరి సంచుల్లోనూ అవే ఉంటాయి. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వెలసింది, తెలుగులో చదువుకోవడానికి బడులే కరువైన నిజాం కాలంలో. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. అంత కష్టపడి బీరువాల్లోకి చేర్చిన పుస్తకాలున్న ఊళ్లో ఉండి, అవి తెరవకుండా ఏడాది గడపడం నాకు మింగుడు పడదు. పరీక్షలకు చదివినన్నాళ్లూ నువ్వు పఠన మందిరం దాటి బీరువాల వైపు రాలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఈసారి వెళ్లి, పేరు ఎన్నడూ వినని పుస్తకం ఒకటి తీసి నిలబడే నాలుగు పేజీలు చదువు. కాళ్లు నొప్పి పుట్టినా కింద పెట్టాలనిపించకపోతే ఇంటికి తెచ్చుకో.

ఒకప్పుడు మార్కుల కోసం చదివిన వాటిలో ఒకదాన్ని మళ్లీ పట్టుకోవడం కూడా మంచిదే. గజేంద్ర మోక్షం పద్యాలు బడిలో ప్రతిపదార్థంతో సహా అప్పజెప్పావు, అర్థం రాసి మార్కులూ తెచ్చుకున్నావు. పోతన బమ్మెర నువ్వు ఉద్యోగం చేస్తున్న జనగామ జిల్లాలోనే ఉంది. ప్రతిపదార్థం పక్కన పెట్టి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొంతెత్తి చదువు. ఏనుగు బలం తగ్గుతున్న కొద్దీ పద్యం నడక ఏమవుతోందో నీ చెవికే తెలుస్తుంది. అర్థం కాని మాటను దాటి ముందుకు పో, నిన్ను ఆపి అడిగేవాళ్లెవరూ లేరు.

డిసెంబర్ 31 లోపు ఇదంతా చేసేయాలని కంగారు పడకు. గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14న మొదలై 20న ముగుస్తాయి, నేను ఆ వారంలోనే వెనక్కి చూసుకుంటాను. నువ్వు ఉగాదికి చూసుకో, కుదరకపోతే వేసవిలో చూసుకో. యాభై అనే అంకెను మాత్రం కొత్త ఏడాది కాగితం మీదికి ఎక్కించకు.

సంక్రాంతికి వస్తున్నావు కదా, సంచిలో చోటు ఉంచుకుని రా. నీకోసం రెండు పుస్తకాలు తీసి పెట్టాను. రెండోది ప్రస్తుతం మీ పెదనాన్న చేతిలో ఉంది, ఆయన ముగించేదాకా కథ చెప్పమని అడగవద్దు, చెప్పేస్తారు. 'స్వరలయలు' తిరిగి తీసుకురా. అందులో ఎక్కడైనా పసుపుపచ్చ హైలైటర్ గీతలు కనిపించాయా, సకినాలు మీ అమ్మ దగ్గరే తినాల్సి ఉంటుంది.

పెద్దమ్మ